చింతపండు దళారీని గుర్తుపడతాం, పేపర్ల దళారీని గుర్తుపట్టలేమా?



కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి, పడతాను.

పోయిన వారం మన గ్రూపులో ఒక పోస్టర్ పడింది. "ఎస్టీ స్కాలర్లకు స్పెషల్ డిస్కౌంట్. ఇంటర్నేషనల్ జర్నల్‌లో 48 గంటల్లో పబ్లికేషన్. ఐఎస్ఎస్ఎన్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, సర్టిఫికెట్ గ్యారంటీ. యూజీసీ కేర్ లిస్టెడ్." కింద వాట్సాప్ నంబరు. వేసింది బయటివాడు కాదు, మన తమ్ముడే. ఎవరికైనా పనికొస్తుందని మంచి మనసుతోనే వేశాడు. గంట తిరక్కుండానే ఐదారుగురు "ఎంత అవుతుంది బ్రో" అని అడిగేశారు. ఆ పోస్టర్ తీసేయమని నేనంటే వచ్చిన జవాబు ఇది: "అన్నా, నీకు పీహెచ్‌డీ అయిపోయింది కాబట్టి ఎన్నైనా చెప్తావ్. మా థీసిస్ ఆగిపోతే నువ్వొచ్చి సబ్మిట్ చేస్తావా?"

తమ్ముడి కోపంలో న్యాయం ఉంది. అందుకే ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఇంత రాస్తున్నా. కానీ ముందే చెప్పేస్తున్నా, నా మాట మారదు. డబ్బు కడితే చదవకుండా అచ్చేసే జర్నల్‌కి మన ఊరి మాట ఇవ్వడం అంటే ఆ మాటని పాతిపెట్టడమే. ఆ పని ఒకసారి నేను కూడా చేశాను.

నా సంగతే ముందు చెప్తా. పీహెచ్‌డీ రెండో ఏడు. మా ఏజెన్సీలో ఆడవాళ్లు విత్తనాలు ఎలా దాస్తారన్నది నా పని. సామ, కొర్ర, చోళ్లు, వలిసెలు, కందులు. ఏ గింజని బూడిదలో కలపాలి, ఏది సొరకాయ బుర్రలో పోసి మూతి మూయాలి, ఏది పొయ్యి మీద అటకలో పొగ తగిలేలా పెట్టాలి, ఏ కంకిని విత్తనానికి వదలాలి, ఏది తిండికి కొట్టుకోవాలి. ఇవన్నీ మా పెద్దమ్మ చెప్పింది. రెండు వానాకాలాలు ఆమె వెనకాలే తిరిగి నోటుబుక్కులో ఎక్కించా. ఆమెకి చదువు రాదు. కానీ ఒకే సామలో మూడు రకాలు చేత్తో తడిమి చెప్పేది.

డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఒకాయన "ఎక్కడో ఒకచోట వేయించేయ్, పేపర్ ఉంటే చాలు, ఎవడు చూస్తాడు" అన్నాడు. నంబరు కూడా ఆయనే ఇచ్చాడు. 2,500 రూపాయలు కట్టా. ఫెలోషిప్ ఐదు నెలలుగా పడలేదు, అప్పు చేసి కట్టా. మూడో రోజుకి "మీ పరిశోధన మా నిపుణులను ఎంతగానో ఆకట్టుకుంది" అని మెయిల్. ఆ నిపుణులు ఒక్క కామా కూడా మార్చలేదు. నేను చేసిన స్పెల్లింగ్ తప్పులు అలాగే ఉన్నాయి. పైగా వాళ్లు కొత్తవి చేర్చారు. మా ఊరి పేరు టైటిల్‌లోనే తప్పు పడింది. వలిసెల ఫొటో కింద ఇంకేదో పంట పేరు ఉంది. దిద్దమని నాలుగు మెయిళ్లు పెట్టా. జవాబు లేదు. రంగురంగుల సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

ఏడాదిన్నర తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లా. కమిటీలో ఒకాయన ఆ పేపర్ తిరగేసి, జర్నల్ పేరు చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేశాడు. ఏదైనా అన్నా బాధ ఉండేది కాదు. ఆ తర్వాత కొన్నాళ్లకి వెబ్‌సైటే మాయమైంది. వేరే రాష్ట్రం నుంచి ఒక అమ్మాయి, మనలాంటి స్కాలరే, విత్తనాల మీద పని చేస్తూ నా పేపర్ కావాలని అడిగింది. లింకు తెరుచుకోదు. నా దగ్గరున్న కాపీ పంపితే, ఇది రిఫరెన్స్‌గా పెడితే మా గైడ్ ఒప్పుకోరు అన్నా అంది. ఈలోగా పెద్దమ్మ పోయింది. ఆమె చెప్పింది ప్రపంచంలో ఎక్కడ నమోదై ఉందయ్యా అంటే, నా నోటుబుక్కులో, ఒక చచ్చిపోయిన లింకులో.

2,500 పోతే పోయింది. ఆమె మాట పోయింది చూడండి, దానికి నేను ఎవరికి జవాబు చెప్పాలి?

ఇప్పుడు ఈ వ్యాపారం ఎలా పుట్టిందో చూద్దాం. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియాలి కదా.

యూజీసీ 2016 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు రిఫరీడ్ జర్నల్‌లో కనీసం ఒక పేపర్ రావాలని పెట్టింది. టీచర్ల ప్రమోషన్లకి అంతకుముందే 2010 నుంచి ఏపీఐ పాయింట్లు ఉన్నాయి. 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టులో ఒక్కో పేపర్‌కి 2 మార్కులు, మొత్తం మీద 10 దాకా. లైబ్రరీల్లో పత్రికలు లేవు, ఎలా రాయాలో నేర్పేవాళ్లు లేరు, ఇంగ్లీషు దిద్దేవాళ్లు లేరు. పేపర్ మాత్రం కావాలి. సరుకు లేకుండా గిరాకీ పెడితే ఏమవుతుంది? నకిలీ సరుకు దిగుతుంది. దిగింది.

2017 జనవరిలో యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా ఒకటి వచ్చింది. వేలకు వేలు పేర్లు. అందులో చెత్త కూడా ఎక్కేసింది. 2018 మేలో ఒక్క దెబ్బకి 4,305 జర్నళ్లు తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది పుణె యూనివర్సిటీ పరిశోధకులు 'కరెంట్ సైన్స్'లో ఒక పరిశీలన వేశారు. యూనివర్సిటీలు సిఫార్సు చేసి జాబితాలో ఎక్కించిన, ఏ పేరున్న ఇండెక్స్‌లోనూ లేని జర్నళ్లలో 88 శాతానికి పైగా నాసిరకమైనవి కావచ్చని తేల్చారు. గమనించండి, ఎక్కించింది ఎవరో కాదు, మన యూనివర్సిటీలే. తర్వాత 2019లో కేర్ జాబితా వచ్చింది. 2022 నవంబర్‌లో కొత్త పీహెచ్‌డీ నిబంధనలు వచ్చాయి, వాటిలో పేపర్ తప్పనిసరి అన్న షరతు లేదు. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితానే ఆపేస్తున్నామని యూజీసీ ప్రకటించింది. కొన్ని ప్రమాణాలు సూచించి, జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత యూనివర్సిటీలకీ మనకీ వదిలేసింది.

అంటే మన గ్రూపులో పడిన ఆ పోస్టర్ మీద "యూజీసీ కేర్ లిస్టెడ్" అన్న మాట ఉంది చూశారా, అది లేని దుకాణం పేరు చెప్పి సరుకు అమ్మడం. అక్కడే దొరికిపోయాడు వాడు.

ఇంకో సంగతి. తమ్ముడూ, "మా థీసిస్ ఆగిపోతే" అన్నావు. యూజీసీ ఇప్పుడు తప్పనిసరి అనట్లేదు. మీ యూనివర్సిటీ సొంతంగా ఆ షరతు పెట్టుకుని ఉండొచ్చు, చాలా చోట్ల ఉంది. అయితే ఆ షరతు ఏంటో కాగితం మీద అడిగి తీసుకో. ఎన్ని పేపర్లు, ఎలాంటి జర్నల్, వ్యాసం ఒప్పుకున్నట్టు ఉత్తరం ఉంటే సరిపోతుందా, అచ్చై తీరాలా, ఏ బ్యాచ్‌కి ఏ నిబంధన. మనలో సగంమంది ఆ కాగితం చూడకుండానే, సీనియర్ నోటిమాట విని భయపడి డబ్బులు కట్టేస్తున్నాం. నేనూ అంతే.

ఇది మారుమూల చిల్లర మోసం అనుకోకండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణుల సమీక్ష ఉందని అబద్ధం చెప్పారని, ఫీజు సంగతి దాచి వ్యాసం ఒప్పుకున్నాక బిల్లు పంపారని, ఒప్పుకోని ప్రొఫెసర్ల పేర్లు ఎడిటర్లుగా వేసుకున్నారని ఆరోపణలు. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. మన తెలుగు నేల మీద నుంచే అంత పెద్ద ఎత్తున సాగింది వ్యవహారం.

2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే జర్నలిస్టు చేసిన పని కూడా తెలుసుకోండి. కావాలనే తప్పుల తడకగా ఒక దొంగ పేపర్ తయారుచేసి, 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకి పంపాడు. 157 ఒప్పేసుకున్నాయి, 98 మాత్రమే తిరగ్గొట్టాయి. లేని మనిషి, లేని సంస్థ, లేని ఫలితం. సగానికి పైగా "వేస్తాం" అన్నాయి. ఇప్పుడు చెప్పండి, అలాంటి చోట మన పేపర్ "ఒప్పుకోవడం" అంటే అర్థం ఏంటి?

మనకి ఈ దళారీ కొత్త కాదు. సంతలో చూడలేదా? కావిడేసుకుని కొండ దిగి వచ్చిన మనిషి దగ్గర చింతపండు, అడ్డాకులు, పసుపు కొనేవాడు. దారి మధ్యలోనే అడ్డం నిలబడతాడు. మాట తీపి. "నీకు కాబట్టి ఈ రేటు" అంటాడు. కాటా వాడిదే, రాళ్లు వాడివే. అందుకే కదా 1956లో జీసీసీ పెట్టాల్సి వచ్చింది. జీసీసీలో ఎన్ని లోపాలున్నా, కాటా వైపు చూడాలి అన్న తెలివి మాత్రం మన అమ్మానాన్నలకి వచ్చింది. డిగ్రీలు చదివిన మనం "ఎస్టీ డిస్కౌంట్" అనగానే కాటా వైపు చూడటం మానేశాం.

పేపర్ల దళారీ దగ్గర ఉండే దొంగ రాళ్లు ఇవి, ఒక్కొక్కటీ చూడండి.

మొదటిది ఐఎస్ఎస్ఎన్. ఇది పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబరు, బండికి నంబరు ప్లేటు లాంటిది. మన దేశంలో ఢిల్లీలోని నిస్పర్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. నంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన డ్రైవర్‌కి డ్రైవింగ్ వచ్చినట్టు కాదు.

రెండోది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అసలుది క్లారివేట్ అనే సంస్థ ఏటా లెక్కగట్టి ఇస్తుంది. "గ్లోబల్", "సైంటిఫిక్", "యూనివర్సల్" అని ముందు తోక తగిలించుకుని కనిపించే అంకెలు చాలావరకు డబ్బు కట్టి తెచ్చుకున్నవి. నిన్న పుట్టిన జర్నల్‌కి 7.8 అని ఉంటే నవ్వి ఊరుకోండి.

మూడోది డీఓఐ. వ్యాసానికి ఇచ్చే శాశ్వత అడ్రసు. ఉండటం మంచిదే. కానీ సభ్యత్వ రుసుం కట్టిన ఏ ప్రచురణకర్తైనా తీసుకోవచ్చు. నాణ్యతకి అది సాక్ష్యం కాదు.

నాలుగోది "గూగుల్ స్కాలర్‌లో ఇండెక్స్ అయింది" అనడం. గూగుల్ స్కాలర్ వెతికి పెట్టే యంత్రం. మంచిదీ చూపిస్తుంది, చెత్తా చూపిస్తుంది. అక్కడ కనబడటం ఘనత కాదు.

ఐదోది సర్టిఫికెట్. పేరున్న పత్రిక ఏదీ వ్యాసం రాసినందుకు పూలబోర్డరు సర్టిఫికెట్ ఇచ్చి మురిపించదు. వ్యాసమే సర్టిఫికెట్.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ దొంగ కాదు. ఓపెన్ యాక్సెస్‌లో మంచి పత్రికలు కూడా ఫీజు తీసుకుంటాయి, కొన్నిచోట్ల మాఫీ కూడా అడగొచ్చు. అలాగే ఫీజు లేనిదల్లా గొప్పదీ కాదు. చూడాల్సింది ఫీజు ఉందా లేదా అని కాదు. ఆ పేపర్‌ని ఎవరైనా చదివి, ప్రశ్న వేసి, అవసరమైతే "వద్దు" అనగలిగారా లేదా అని. వద్దు అనడం చేతకాని జర్నల్ చెప్పే అవునుకి విలువ లేదు.

ఇప్పుడు నా మీదకి వచ్చే వాదనలకి వద్దాం.

"పెద్ద జర్నళ్లు మనవాళ్లని రానిస్తాయా అన్నా? అక్కడంతా వాళ్లే." ఈ మాట అబద్ధం అనను. ఎడిటోరియల్ బోర్డులు తిరగేస్తే మనవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంగ్లీషు ఒక గోడ. మన అనుభవాన్ని "ఇది డేటా కాదు" అని కొట్టిపారేసే రివ్యూయర్లు ఉన్నారు, నాకు తగిలారు. దీని మీద పోరాడాల్సిందే. కానీ దళారీకి 2,500 కట్టడం ఆ పోరాటం ఎలా అవుతుంది? గేటు మూసినవాడికి దాని వల్ల చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మనం బయటే ఉండిపోయాం, పైగా జేబు ఖాళీ. ఇంకోటి, సోషల్ సైన్స్‌లో చాలా మంచి పత్రికలు రాసినవాడి పేరు దాచి సమీక్షకి పంపుతాయి. నీ ఇంటిపేరు, నీ ఊరు, నీ కోటా వాళ్లకి కనబడవు. ఇంటర్వ్యూ గదిలో మనకి దొరకని అవకాశం అది. దాన్ని వాడుకోకుండా ఎందుకు వదిలేస్తున్నాం?

"తిరగ్గొడితే?" కొడతారు. నన్ను కొట్టారు. పెద్దమ్మ విత్తనాల పనిని మొత్తం మళ్లీ రాసి, ఈసారి సరైన పత్రికకి పంపా. నాలుగు నెలలకి "వేయలేం" అని వచ్చింది. దానితో పాటు రెండు పేజీల వ్యాఖ్యలు. మొదటి రోజు కోపంతో ఫోన్ మూసేశా. వారం తర్వాత తెరిచి చదివితే, నా గైడ్ నాలుగేళ్లలో అడగని ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఎంతమందితో మాట్లాడావు? పక్క ఊళ్లోనూ ఇదే పద్ధతా? ఈ జ్ఞానం ఎవరిది, రాయడానికి వాళ్ల అనుమతి ఎలా తీసుకున్నావు? మళ్లీ కొండెక్కా. మిగిలిన ముసలమ్మలతో కూర్చున్నా. ఊరి పెద్దల ముందు చదివి వినిపించా. రెండు విషయాలు రాయొద్దన్నారు, తీసేశా. వేరే పత్రికకి పంపా. మొత్తం కలిపి 14 నెలలు పట్టింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఆ వ్యాసంలో మా ఊరి పేరు సరిగ్గా ఉంది. పెద్దమ్మ పేరు ఉంది.

ఆ మూడో ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అనుమతి. 48 గంటల జర్నల్ దీన్ని ఎప్పుడూ అడగదు. కేరళలో కాణి ఆదివాసులు చెప్పిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' అనే మందు తయారైంది. మందు వల్ల వచ్చే దానిలో వాళ్లకి వాటా ఇవ్వాలన్న ఏర్పాటు జరిగింది కాబట్టే ఆ కథ లోకానికి తెలిసింది, దాని మీద ఇప్పటికీ చర్చ ఉంది. మనలో ఎంతమంది ఎంఎస్సీ బాటనీ, ఫార్మసీ పిల్లలు ఊరి వైద్యుడు చెప్పిన వేరు పేరు, పసరు పేరు, మోతాదుతో సహా ఇలాంటి జర్నళ్లలో పారబోశారో ఆలోచించండి. ఒకసారి బయటపడ్డాక ఆ రహస్యం వెనక్కి రాదు. ఊరికి పేరూ రాదు, వాటా రాదు. పోనీ పరిశోధనగా నిలబడుతుందా అంటే అదీ లేదు.

"అందరూ చేస్తున్నారు, మనమే ఎందుకు మానాలి?" ఈ వాదన నాకు అన్నిటికన్నా బాధ. అందరూ చేస్తున్నారు, నిజమే. కానీ దొరికినప్పుడు అందరికీ ఒకే దెబ్బ పడదు. వేరేవాళ్ల పేపర్ చెత్తదైతే "ఆయన ఏదో తొందరపడ్డాడు" అంటారు. మనది చెత్తదైతే "కోటాలో వచ్చినవాళ్లు ఇంతే" అంటారు. క్లాసులో, హాస్టల్లో, ఇంటర్వ్యూలో ఆ మాట వినని వాళ్లు ఈ గ్రూపులో ఎవరున్నారు? ఆ మాట తప్పని నిరూపించే బాధ్యత మన మీద ఉందని నేననను, ఆ బరువు మనది కాదు. కానీ ఆ మాట అనేవాడి చేతికి మన డబ్బుతో మనమే రాయి కొనివ్వడం ఎందుకు?

మన గురించి పుస్తకాలు లేవా? ఉన్నాయి. చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద హైమెన్‌డార్ఫ్ 1940లలో రాసిన పుస్తకాలు ఇప్పటికీ లైబ్రరీల్లో ఉన్నాయి, ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆయన మార్లవాయిలో ఉండి మనవాళ్లకి చేసిన మేలు మరిచిపోయేది కాదు. కానీ ఎనభై ఏళ్ల తర్వాత కూడా మన గురించి మాట్లాడాలంటే ఆయన దగ్గరికే వెళ్లాల్సి వస్తోంది. పోడు కేసులో, అటవీ హక్కుల క్లెయిమ్‌లో, ముంపు ఊళ్ల లెక్కలో "ఇది మా అలవాటు, ఇది మా నేల" అని చూపించాలంటే అధికారి ముందు పెట్టగలిగే రాత కావాలి. ఆ రాత మన చేతిది కావాలి. ఊరి నుంచి మొదటిసారి యూనివర్సిటీకి వచ్చిన పిల్ల రాసింది చెల్లని కాగితం అయితే, మళ్లీ బయటివాళ్లు వచ్చి రాసేదాకా మనం ఆగాలా?

సరే, ఏం చేయాలి? నాకు తెలిసింది చెప్తా.

ఒకటి. పంపే ముందు ఆ పత్రిక పాత సంచికలు రెండు తెరిచి, నీ సబ్జెక్టుకి దగ్గరగా ఉన్న వ్యాసాలు చదువు. ఒకే సంచికలో గిరిజన సంస్కృతి, సిమెంటు బలం, చేపల రోగాలు, జీఎస్టీ అన్నీ కలిసి ఉంటే మూసేయ్. చదవడానికి పత్రికలు దొరకవు అనేవాళ్లకి, 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం నడుస్తోంది. ప్రభుత్వ విద్యాసంస్థలకి 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000 అందుబాటులోకి తెచ్చే పథకం అది. మీ లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి.

రెండు. స్కోపస్‌లో ఉందని జర్నల్ వెబ్‌సైట్ చెప్తే నమ్మొద్దు. స్కోపస్ సోర్సెస్ పేజీకి నువ్వే వెళ్లి ఐఎస్ఎస్ఎన్ కొట్టి చూడు. ఏ సంవత్సరం దాకా తీసుకున్నారో కూడా చూడు, చాలావాటిని మధ్యలో తీసేశారు. వెబ్ ఆఫ్ సైన్స్ మాస్టర్ జర్నల్ లిస్ట్, ఓపెన్ యాక్సెస్ అయితే డీఓఏజే కూడా ఉచితంగానే వెతకొచ్చు.

మూడు. పేరున్న పత్రిక పేరుతోనే దొంగ వెబ్‌సైట్లు పెడతారు. అసలు సైటుకి ఇండెక్స్ పేజీలోంచో, ప్రచురణ సంస్థ పేజీలోంచో వెళ్లు. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి వెళ్లకు. ఇలా హైజాక్ అయిన వాటి జాబితా రిట్రాక్షన్ వాచ్ వాళ్ల దగ్గర ఉంది.

నాలుగు. ఎడిటర్ పేరు పట్టుకుని ఆయన యూనివర్సిటీ పేజీ చూడు. అక్కడ ఆ జర్నల్ ప్రస్తావన ఉందా? అనుమానంగా ఉంటే మెయిల్ పెట్టి అడుగు. అడిగితే తప్పేం లేదు.

ఐదు. ఫీజు ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది పంపకముందే పేజీలో రాసి ఉండాలి. సమీక్షకి ఎంతకాలం పడుతుందో చెప్పాలి. రెండు రోజులు, మూడు రోజులు అంటే సమీక్ష లేదని అర్థం. మామూలుగా నెలలు పడుతుంది. అందుకే చివరి ఏడాది దాకా ఆగకుండా, మొదటి చాప్టర్ తయారవగానే మొదలుపెట్టాలి. ఒక పేపర్‌ని ఒకేసారి రెండు చోట్లకి మాత్రం పంపకూడదు.

ఎక్కడికి పంపాలి అంటే, సోషల్ సైన్స్ వాళ్లకి ముంబై నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఉంది, రాసేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోదు. పెద్ద వ్యాసం రాయలేకపోతే అందులోనే కామెంటరీ అనే చిన్న వ్యాసాల విభాగం ఉంది. ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ వాళ్ల సోషియలాజికల్ బులెటిన్, కాంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ, సోషల్ చేంజ్ ఉన్నాయి. మనలాంటి వాళ్ల విషయాలకే పెట్టిన జర్నల్ ఆఫ్ ఆదివాసీ అండ్ ఇండిజినస్ స్టడీస్ ఉంది. సంప్రదాయ జ్ఞానం మీద పనిచేసేవాళ్లకి సీఎస్ఐఆర్ వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ ట్రెడిషనల్ నాలెడ్జ్ ఉంది. వీటిలో కూడా పంపే రోజున నిబంధనలు మీరే చూసుకోండి. నేను చెప్పానని కళ్లు మూసుకుని పంపితే మళ్లీ అదే తప్పు.

సీనియర్లకి, లెక్చరర్లు అయిన మనవాళ్లకి కూడా ఒక మాట. పిల్లలకి దళారీ నంబరు ఇవ్వడం సాయం కాదు. వాళ్ల డ్రాఫ్టు ఒకసారి చదివి నాలుగు ఎర్ర గీతలు పెట్టడం సాయం. విద్యార్థి డబ్బుతో వేయించిన పేపర్‌లో రెండో పేరుగా మీ పేరు వేయించుకునే గైడ్లు మన కులాల్లోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. మీకు వచ్చిన పాయింటు ఆ పిల్లాడి మెస్ బిల్లు.

అడ్మిన్లకి మూడు విన్నపాలు. ఇలాంటి పోస్టర్లు ఎవరు వేసినా తీసేయాలని ఒక నియమం పెట్టండి. మోసపోయినవాళ్లు సిగ్గుపడకుండా చెప్పుకోవడానికి ఒక రోజు పెట్టండి, నేనే మొదలుపెట్టాను కదా. ఇంకోటి, పేపర్ రాస్తున్న వాళ్లనీ, రాసినవాళ్లనీ జతచేయండి. నెలకి రెండు డ్రాఫ్టులు చదవడానికి నేను సిద్ధం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు కింద చేయి ఎత్తండి.

ఆ పోస్టర్ వేసిన తమ్ముడికి, నీ మీద కోపం లేదురా. నీ పేపర్ ఏదైనా ఉంటే నాకు పంపు. నీ థీసిస్ నేనొచ్చి సబ్మిట్ చేయలేను గానీ, నీతో కూర్చుని అది నలుగురి ముందు నిలబడేలా చేయడానికి ప్రయత్నిస్తా. కాటా మాత్రం ఇద్దరం కలిసి చూద్దాం.

జై జోహార్. జై ఆదివాసీ.